నాట్యం చేసేవాళ్లకు బర్నౌట్ పాఠాలు – 3: ఒళ్లు అలిసిందా, మనసు విరిగిందా?

పోయిన పాఠంలో నిద్ర, తిండి లెక్క రాసుకోమన్నాను. ఆ నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ఇది చదవండి.

మామూలు అలసటకు మందు తేలిక. మాఘమాసంలో దేవుని కడప బ్రహ్మోత్సవాల్లో ఆడి వచ్చారు, పిక్కలు పట్టేశాయి. కడుపునిండా తిని, రెండు రాత్రులు కంటినిండా నిద్రపోతే మళ్లీ గజ్జెలు కట్టబుద్ధవుతుంది. బర్నౌట్ అలా పోదు. సెలవు తీసుకుని వచ్చినా క్లాసు టైం దగ్గరపడేకొద్దీ గుండె బరువెక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు గుర్తులు చెప్పింది: సత్తువ అడుగంటడం, పని మీద మనసు విరగడం, చేసిందేదీ సరిగా రావట్లేదనిపించడం. ఆ మాట ఉద్యోగాల గురించి చెప్పిందే అయినా, రోజూ సాధన చేసేవాళ్లలోనూ ఈ మూడూ కనిపిస్తాయి.

కూచిపూడిలో ఇది మొదట బయటపడేది అభినయంలోనే అని నా నమ్మకం. జతి, అంటే తాళానికి వేసే అడుగుల వరుస, కాళ్లకు అలవాటైపోయి ఉంటుంది, మనసు లేకపోయినా తాళానికి పడుతుంది. సత్యభామ పాత్ర అలా కుదరదు. జడ చేతబట్టి నడిచే నడక సరిగ్గానే ఉంటుంది, మెడ తిప్పడమూ సరే. చూపు మాత్రం గోడ గడియారం మీదికి పోతుంది. ఏమ్మా అంటే, "ఏమో మేడం, చేయబుద్ధి కావడంలే" అంటుంది పిల్ల. ఆ మాటను సోమరితనం కింద కొట్టిపారేయకండి. తిట్టి ఇంకో గంట ఆడిస్తే జబ్బు ముదురుతుంది.

ఒక్కోసారి మనసు వెనకాడేది ఒంటి నొప్పి వల్ల. మన ఇళ్లలో పరిచేది కడప బండలు. చల్లగా ఉంటాయి గానీ పాదం కింద కొంచెం కూడా ఒదగవు. తట్టిన ప్రతి దెబ్బా మోకాలి కింద ముందు ఎముక మీదే పడుతుంది. ఆ ఎముక పొడవునా బొటనవేలితో నొక్కుతూ రండి. ఒక్కచోటే చురుక్కుమంటే, పడుకున్నా నొప్పి ఉంటే, ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. గజ్జెలు పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆడపిల్లలకు వరుసగా మూడు నెలలు నెలసరి ఆగినా డాక్టరుకు చూపించాలి. చేసే సాధనకు తినే తిండి చాలకపోయినా అలా జరుగుతుంది. "సన్నబడితే స్టేజీ మీద బాగుంటావు" అనే తల్లులకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఈ వారం పని ఇది. పొద్దున మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి నిమిషంపాటు లెక్కపెట్టి రాయండి. సాయంత్రం గజ్జెలు కట్టే ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: ఈరోజు ఆడాలని ఉందా? ఉంది, లేదు, తెలీదు. ఏదైతే అది రాయండి, అందంగా రాయాలని చూడకండి. నాడి రోజూ ఉండేదానికంటే ఏడెనిమిది ఎక్కువగా కొన్నాళ్లు వరుసగా ఉండి, జ్వరమూ లేకుండా, "లేదు"లు పెరుగుతుంటే సాధన సగానికి దించండి.

సగం అంటే సగం సేపు మాత్రమే కాదు. కుర్చీలో కూర్చుని చేత్తో తాళం వేస్తూ సొల్లుకట్టు, అంటే అడుగులకు పలికే తకధిమి మాటలు, నోటితో చెప్పండి. హస్తాలు, కళ్లు మాత్రం కదపండి. అడవులు, అంటే నాట్యంలో వేసే అడుగులు, మొదటి కాలంలోనే, నెమ్మదిగా. అన్నిటికంటే వేగంగా ఆడే మూడో కాలం వద్దు. వారంలో ఒక రోజు గజ్జెలు ముట్టుకోవద్దు. నేర్చుకున్న నాట్యాంశం మరిచిపోతారన్న భయం అక్కర్లేదు, నోటితో చెప్పుకుంటే చాలా మటుకు నిలబడుతుంది.

గురువుగారితో "నావల్ల కావట్లేదు" అనకండి. "మేడం, రెండు వారాలు మూడో కాలం ఆపి, అభినయం కూర్చుని చేస్తాను" అని చెప్పండి. ఏం చేస్తారో తెలిస్తే ఒప్పుకోవడం ఆమెకూ సులువు.

నాట్యం ఒక్కటే కాదు, తిండి, స్నేహితులు, ఇల్లు ఏదీ రుచించకుండా రెండు వారాలు గడిస్తే అది ఈ పాఠాలతో తీరేది కాదు. డాక్టరును కలవండి, లేదా మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

వచ్చే పాఠానికి ఏడు రోజుల నాడి అంకెలు, ఏడు జవాబులు సిద్ధంగా ఉంచండి. మూడో కాలానికి మళ్లీ ఎలా ఎక్కాలో వాటిని బట్టే చూద్దాం.