వానలకు ముందే తుప్పు రేకు అతకాలంటే: మిషన్ ఎంపిక, జాగ్రత్తలు

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పాత కార్లకు మ్యాట్ కింద, కాళ్లు పెట్టే చోట రేకు తినేస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగిపోతోందంటే వానలు మొదలవకముందే అతుకు పడాలి.

వెల్డింగ్ మిషన్ కొనేవాళ్లు సాధారణంగా ఎన్ని ఆంప్స్ (కరెంటు) దాకా వెళ్తుందని అడుగుతారు. అడగాల్సింది ఎంత కిందికి దిగుతుందని. కారు రేకు మందం 0.7 నుంచి 1 మి.మీ. మాత్రమే. 30–50 ఆంప్స్ చాలు. 30 దగ్గర ఆర్క్ (లోహాన్ని కరిగించే కరెంటు మెరుపు) ఆగిపోకుండా నిలకడగా మండాలి. షాపులోనే పాత రేకు ముక్క మీద వేయించి చూడండి. గేట్లు, గ్రిల్స్ చేసే రాడ్ మిషన్ ఈ పనికి వద్దే వద్దు. 2.5 మి.మీ. రాడ్ సరిగా మండాలంటే 60–70 ఆంప్స్ కావాలి, ఆలోపే రేకు చిల్లు పడుతుంది. పూడ్చబోయేకొద్దీ ఆ చిల్లు పెద్దదవుతుంది.

గ్యాస్‌తో నడిచే మిగ్ మిషన్ తీసుకోండి, ఇందులో రాడ్ బదులు సన్న తీగ దానంతటదే వస్తూ కరుగుతుంది. తీగ 0.6 మి.మీ. దొరికితే మేలు, లేకపోతే 0.8. గ్యాస్ 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపింది, నిమిషానికి 8–12 లీటర్లు. పక్కన ఫ్యాన్ తిరిగితే గ్యాస్ చెదిరి అతుకంతా స్పాంజిలా బుడగలు తేలుతుంది. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ తీగ (లోపల పొడి నింపిన తీగ) సన్న రేకును ఎక్కువ కాలుస్తుంది. అదే వాడాల్సి వస్తే టార్చ్‌ను (తీగ బయటికొచ్చే పిడి) మిషన్ నెగటివ్‌కు మార్చాలి.

తుప్పు మీద వెల్డింగ్ నిలవదు, మెరిసే రేకు తగిలేదాకా కోసేయండి. వెనక రాగి పట్టీ ఆనించి, అంగుళానికో చుక్క చొప్పున దూరదూరంగా వేస్తూ, ప్రతి చుక్కా ఆరనివ్వండి. ఏకబిగిన గీత లాగితే రేకు వంకర పోతుంది.

మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసేయండి. పెట్రోల్, బ్రేక్ పైపులు ఎటు పోతున్నాయో కింద నుంచి చూడండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండైతే ఇంట్లో ముట్టుకోకండి. చాసిస్, సీట్‌బెల్ట్ బిగించే చోట్లు కూడా అనుభవమున్న టింకరింగ్ మేస్త్రీకే వదలండి. మ్యాట్, తారు షీట్ పూర్తిగా తొలగించాలి, అవే ముందు అంటుకుంటాయి. ఎర్త్ క్లాంప్ (కరెంటు తిరిగి మిషన్‌కు వెళ్లే వైరు క్లిప్పు) అతుకు పక్కనే ఉండాలి. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో రేకు తుడవకండి: క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ తగలగానే విషవాయువు పుడుతుంది. జింక్ పూత రేకైతే అతుకు చుట్టూ పూత గీకేయాలి, జింక్ కాలిన పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. తడి నేల మీద కూర్చోవద్దు.

పనయ్యాక అరగంట అక్కడే ఉండి లోపలి వైపు ఎక్కడైనా నిప్పు రాజుకుంటోందేమో చూడండి. చల్లారాక రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్, కీళ్లకు సీలర్, డోర్ల కింది బోలు భాగంలోకి మైనం స్ప్రే. అవి ఆరాకే మ్యాట్ పరవండి.