ఇంట్లోవాళ్లకు పని ఇచ్చినా చీటీ పెట్టండి

తిరుపతిలో మాది చిన్న టైలరింగ్ షాపు. పెళ్లిళ్ల సీజన్లో చీర ఫాల్స్, రైక హుక్కులు ఇంట్లో మా ఆవిడే కుడుతుంది. ఎన్ని ఇచ్చాం, ఎంత ఇవ్వాలి అన్నదే టెన్షన్.

ఇప్పుడు ప్రతి సంచిలో ఒక చీటీ పెడుతున్నా: తేదీ, ఎన్ని పీసులు, ఎప్పటికి కావాలి. నకలు షాపులో మేకుకు గుచ్చుతా. రేటు బయటివాళ్లకు ఇచ్చేదే, పైసా తగ్గించను. శనివారం రెండు చీటీలూ సరిచూసి డబ్బు ఆమె ఖాతాకే ఫోన్‌పే చేస్తా. ఇంటి ఖర్చులో కలిపేయొద్దు, ఆమె కష్టం ఆమెకు కనబడాలి కదా.

ఒక్క జాగ్రత్త: పని లేకుండా పేరుకు మాత్రం జీతం రాస్తే కుదరదు, పన్ను లెక్కలో ఆ మొత్తాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు.