సంతకం ఉన్న పాత తెలుగు పుస్తకం: ధర ఎలా కట్టాలి, ఆన్‌లైన్‌లో ఎలా అమ్మాలి

రచయిత సంతకం ఉంది కదా అని వెంటనే ఫొటో తీసి ఐదు వేలు అని పెట్టేయకండి. అది అసలు సంతకమే అని మీరు ఎంత గట్టిగా చూపించగలిగితే ధర అంత నిలబడుతుంది, అందుకే ముందు సంతకం సంగతి తేల్చుకోవాలి.

మొదట ప్రథమ ముద్రణ, ప్రతులు, వెల అని వేసే పేజీ తీయండి. శ్రీశ్రీ 1983లో పోయారు, కాబట్టి 1986లో అచ్చయిన ప్రతి మీద ఆయన సంతకం కనబడితే ఇక ఆలోచించాల్సిన పనే లేదు, అది ఆయన చేసింది కాదు. కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ విషయం ఇంకా తేలిక. ఆయన 1966లో చనిపోయారు, ‘అమృతం కురిసిన రాత్రి’ 1968లో వచ్చింది, ఆ పుస్తకం మీద ఆయన సంతకం ఉండే అవకాశమే లేదు. ఇంకో చిక్కు ఉంది, అచ్చులోనే వేసిన సంతకం. ‘మహాప్రస్థానం’ 1981లో లండన్ నుంచి శ్రీశ్రీ సొంత చేతిరాతలోనే అచ్చయింది, తెలియనివాళ్ళు దాన్ని చూస్తే ఆయన పెన్నుతో రాసిందే అనుకోవడం చాలా సులువు. భూతద్దం పెట్టి చూడండి. ఇంకు పెన్నుతో చేసిన సంతకం అయితే సిరా కాగితం పీచులోకి కొంచెం పాకి ఉంటుంది, బాల్‌పెన్ అయితే పేజీ వెనక వేలితో తడిమితే నొక్కు తెలుస్తుంది. రబ్బరు స్టాంపు సంతకాల్లో గీత అంతా ఒకే ఒత్తిడితో ఉంటుంది, చేత్తో రాసిన గీత అలా ఉండదు.

తర్వాత చూడాల్సింది అది ఉత్త సంతకమా, ఎవరికైనా రాసిచ్చారా అన్నది. ‘మిత్రులు ఫలానా వారికి, ప్రేమతో’ అని ఊరూ తేదీ వేసి ఉంటే నేనైతే దానికే ఎక్కువ విలువ కడతాను, ఎందుకంటే ఆ తేదీకి రచయిత ఎక్కడున్నారో సరిచూసుకోవచ్చు, ఆ ఫలానా వారు కూడా పేరున్న మనిషైతే ఆ ప్రతికి జత దొరకదు. దయచేసి ఆ పేరు మాత్రం చెరపకండి, పేజీ చింపకండి. బతికున్న మామూలు మనిషి పేరైతే వాళ్ళనో ఇంట్లోవాళ్ళనో ఒక్కమాట అడిగి అమ్మడం మర్యాద.

ఇక ధర. సంతకం లేదనుకుని లెక్క మొదలుపెట్టండి. అదే ముద్రణ, అదే స్థితిలో ఉన్న మామూలు ప్రతి ఎంతకి పోతోంది? ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, కోఠిలో, విజయవాడ లెనిన్ సెంటర్లో అడిగితే ఒక అంచనా వస్తుంది. ఆన్‌లైన్‌లో కనబడేది మాత్రం అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర, ఆ పుస్తకం ఎన్నేళ్ళుగా అమ్ముడుపోకుండా పడి ఉందో మనకి కనబడదు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది వాడండి. తెలుగు పుస్తకాలు అక్కడ తక్కువే కాబట్టి ఫేస్‌బుక్‌లో పాత పుస్తకాల గ్రూపులు వెతికి, అమ్ముడైపోయిందని రాసిన పోస్టుల ధరలు నోట్ చేసుకుంటూ పోవడమే, ఓపిక కావాలి గానీ ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

మామూలు ప్రతి 300 అనుకుందాం. రచయిత ఇప్పటికీ హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో విజయవాడ పుస్తక మహోత్సవంలోనో కూర్చుని అడిగినవాళ్ళందరికీ సంతకం చేస్తున్నారా, అయితే ఓ 50, 100 కలిపితే చాలు, ఎక్కువ అడగడం న్యాయం కాదు. రచయిత పోయి చాలా ఏళ్ళయింది, సంతకాలు ఎప్పుడో గానీ బయటికి రావు, పైగా ప్రథమ ముద్రణ అంటారా, అప్పుడు ఏ లెక్కా పనిచేయదు, కనీస ధర చెప్పేసి గ్రూపులో రెండు మూడు రోజులు వేలానికి పెట్టడమే మంచిది. ఆర్కైవ్ సైట్‌లో స్కాన్ ఉచితంగా దొరుకుతోందని టెన్షన్ పడకండి, చదువుకోవడానికి కొనేవాళ్ళు తగ్గుతారేమో గానీ దాచుకోవడానికి కొనేవాళ్ళు తగ్గరు.

పుస్తకం స్థితి దాచకండి. పురుగు తిన్న కన్నాలు, పసుపు మరకలు, వదులైన కుట్టు, అన్నీ పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టండి. సంతకం దగ్గర నుంచి ఒకటి, పక్క నుంచి వాలుగా ఒకటి, ముద్రణ వివరాల పేజీ, వెన్ను, రెండు అట్టలు. అమ్మేముందు బాగుచేద్దామని సెల్లో టేప్ వేయడం, కొత్తగా బైండు చేయించడం అస్సలు వద్దు, బైండింగ్‌లో అసలు ముఖచిత్రం పోతుంది, అంచులు కోసేస్తారు, దాంతో సగం విలువ పోయినట్టే. లైబ్రరీ స్టాంపు ఉండి, తొలగించినట్టు ఎక్కడా గుర్తు లేకపోతే అది ఆ లైబ్రరీ సొత్తేమో కనుక్కోకుండా అమ్మకండి. పుస్తకంలో రచయిత రాసిన ఉత్తరం దొరికితే ఆ కాగితం మీ సొంతం, అందులోని రాత మీద కాపీరైటు మాత్రం రచయితది, ఆయన లేకపోతే వారసులది, మొత్తం ఉత్తరం పోస్టులో పెట్టేయకండి.

డబ్బు విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: యూపీఐలో డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరమే లేదు. క్యూఆర్ పంపి స్కాన్ చేయమన్నవాళ్ళని అక్కడికక్కడే బ్లాక్ చేయండి. స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి, బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టండి.

పుస్తకాన్ని ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీల్ చేసి, రెండు వైపులా పుస్తకం కంటే కాస్త పెద్దవి గట్టి అట్టముక్కలు పెట్టి, మూలలు నలక్కుండా బబుల్ ర్యాప్ చుట్టి, చిన్న అట్టపెట్టెలో పెట్టండి. రిజిస్టర్డ్ పోస్ట్ 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టే, ఖరీదైనదైతే ఇన్సూరెన్స్ కూడా అడగండి. అమెరికా నుంచి ఎవరైనా అడిగితే ఇంకో సంగతి చూసుకోవాలి, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న 75 ఏళ్ళు దాటిన రాతప్రతులూ పత్రాలూ మామూలు మనుషులు దేశం దాటించడానికి లేదు. అలాంటి పాత ఉత్తరమో చేతిరాతో జత చేసి ఉంటే పార్సిల్ కట్టే ముందే పురావస్తు శాఖ వాళ్ళని అడగండి.