కాంటాక్ట్ లెన్స్ పాఠాలు – 3: నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోటు

పోయిన పాఠంలో కెరటోమీటర్‌తో కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొర) వంపు కొలిచాం కదా, ఇక ఆ రెండు అంకెలు చూసి లెన్స్ ఇచ్చేయొచ్చు అనుకోకండి. ఆ మిషన్ చూసేది కార్నియా నడిమధ్యలో సుమారు 3 మిల్లీమీటర్ల మేరే. సాఫ్ట్ లెన్స్ 14 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, తెల్లగుడ్డు మీద ఆనే స్క్లీరల్ లెన్స్ అంతకంటే పెద్దది. అంచు వెళ్లి కూర్చునేది మనం కొలవని చోట.

ఇది నాకు అనంతపురంలో పని మొదలుపెట్టిన కొత్తలో తెలిసొచ్చింది. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఇద్దరికీ కెరటోమీటర్ రీడింగ్ 43.50 డయాప్టర్లు (వంపు బలాన్ని చెప్పే అంకె), ఇద్దరికీ ఒకే లెన్స్ ఇచ్చాను. ఒకమ్మాయి హాయిగా పెట్టుకుంది. రెండో అమ్మాయి నాలుగో రోజే వచ్చి "సాయంత్రానికి పీకేయాలనిపిస్తాంది సార్" అంది. లెన్స్ తీసి చూస్తే తెల్లగుడ్డు మీద గుండ్రంగా అచ్చు పడి ఉంది, దాని చుట్టూ ఎర్రజీర. తప్పు నాదే, ఆ పిల్ల కన్ను పక్కనుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

కార్నియా వంపు వ్యాసార్థం సగటున 7.8 మిల్లీమీటర్లు. తెల్లగుడ్డు, అంటే స్క్లీరా, దానికంటే చదును. ఈ రెండూ కలిసే సన్నటి పట్టీ పేరు లింబస్, వెడల్పు ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్లు. చెరువు కట్ట గుర్తు తెచ్చుకోండి. కొన్ని కట్టలు మెల్లగా జారి ఎక్కడ నేలలో కలిశాయో తెలియదు, కొన్ని నిట్టనిలువుగా దిగి నేల దగ్గర మడత పడతాయి. కళ్లూ అంతే. 1992లో మయర్ అనే పరిశోధకుడు ఈ కలయికను ఐదు రకాలుగా విడదీశాడు. మొదట్లో మనకు రెండు ప్రశ్నలు చాలు: మలుపు మెల్లగా ఉందా, కొట్టొచ్చినట్టు ఉందా? దాటాక తెల్లగుడ్డు ఉబ్బెత్తుగా పోతోందా, తిన్నగానా?

ఇప్పుడు చేసి చూడండి. మనిషిని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి ఎదురుగా ఉన్న గోడ చూడమనండి. మీరు చెవి వైపు నిలబడి రెప్పలు మెల్లగా విడదీస్తే పైనా కిందా ఉన్న మలుపు కనబడుతుంది. ముక్కు వైపు, చెవి వైపు మలుపు కావాలంటే తల కొద్దిగా వెనక్కి వాల్చమని గడ్డం కింది నుంచి చూడాలి. ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే సాధారణంగా ముక్కు వైపు తెల్లగుడ్డు చెవి వైపు కంటే చదునుగా ఉంటుంది, అందుకే పెద్ద లెన్స్ చెవి వైపు జరుగుతూ ఉంటుంది. స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు వేసి కంటిని పెద్దగా చూపే మైక్రోస్కోప్) ఉంటే కిందికి చూడమని చెప్పి సన్నటి వెలుగు గీతను పక్కనుంచి పై అంచు మీద వేయండి. గీత మెల్లగా వంగితే ఒక రకం, ఠక్కున విరిగితే ఇంకో రకం. ఓసీటీ (కంటి పొరలను వెలుగుతో స్కాన్ చేసే మిషన్) ఉన్నచోట ఇదే కోత బొమ్మలా వస్తుంది. అయినా కంటితో చూడటం ముందు నేర్చుకోండి.

మన జిల్లాలో ఇంకో చిక్కు. ఏళ్ల తరబడి ఎండలో శనక్కాయ చేలల్లో పనిచేసినవాళ్లకు ముక్కు వైపు కండ పెరిగి ఉంటుంది. ఆ గడ్డను కంటి ఆకారం అనుకుని రాసేయకండి, విడిగా రాయండి, డాక్టరుకు చూపించమనండి.

లింబస్ మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే. అందుకే స్క్లీరల్ లెన్స్ దాన్ని నొక్కకుండా పైనుంచి దాటి, తెల్లగుడ్డు మీద ఆనాలి.

రెండో అమ్మాయి సంగతి: మలుపు మెల్లగా, తెల్లగుడ్డు చదునుగా ఉంది. వంపు వ్యాసార్థం 8.4 మిల్లీమీటర్ల లెన్స్ తీసేసి, అంతకంటే చదునైన 8.8 లెన్స్ ఇచ్చాను, వారం తర్వాత చూస్తే అచ్చు లేదు. ఈ వారం ఇంట్లోవాళ్లవి పది కళ్లు చూసి, ఒక్కోదానికి నాలుగు వైపులా మలుపు పెన్సిల్‌తో గీయండి. కుడి ఎడమ వేరువేరుగా.