‘విపరీతంగా’ అంటే ఎన్నండీ? వీధి భద్రతకు పోలీసు అర్జీ రాసే పద్ధతి

ఒంగోలులో ప్రకాశం భవన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో నాది చిన్న జెరాక్స్, డీటీపీ షాపు. సోమవారం వచ్చిందంటే పొద్దున ఏడింటికే షట్టర్ ముందు జనం ఉంటారు. కలెక్టరేట్‌లో, ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు అది. కొండపి, దర్శి నుంచి మొదటి బస్సెక్కి వస్తారు. పొలం గట్ల తగాదాలు, ఆగిన పింఛన్లు, అల్లుడి మీద కంప్లయింట్లు, బోరు దగ్గర కోసుకుపోయిన కేబుల్ వైర్లు. పదహారేళ్లుగా ఇవే టైపు చేస్తున్నా. ఏ అర్జీ కదులుతుందో, ఏది ఫైల్లోనే ఉండిపోతుందో కాగితం చూసి చెప్పగలననుకునేవాణ్ణి. తీరా మా సొంత వీధి అర్జీ దగ్గర నేనే బోల్తా పడ్డా.

మాది పాతిక ఇళ్ల వీధి. చివర్లో ఎవరిదో ఖాళీ స్థలం, నిండా చిల్లచెట్లు. అక్కడి స్తంభానికి లైటు పోయాక, రాత్రయితే సీసాలు పట్టుకుని కొందరు చేరడం మొదలైంది. తర్వాత బండ్లలో పెట్రోలు పోయింది. ఆ తర్వాత ఒక స్ప్లెండర్ బండే పోయింది. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల మీద కామెంట్లు సరేసరి. అందరం కూర్చుని అర్జీ పెట్టాలనుకున్నాం. రాసేది ఎలాగూ నేనే. "మా కాలనీలో దొంగతనాలు, అసాంఘిక కార్యకలాపాలు విపరీతంగా పెరిగిపోయినందున తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాము" అని కొట్టి, కింద 31 సంతకాలు పెట్టించా. ఎనిమిది మందిమి స్టేషన్‌కి వెళ్లాం. ఎస్ఐ కుర్రవాడే, మర్యాదగానే కూర్చోబెట్టాడు. చదివి ఒకే మాట అడిగాడు. "విపరీతంగా అంటే ఎన్నండీ? ఏ రోజుల్లో? ఏ టైములో?"

ఎనిమిది మందిమీ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

రెండు రోజులు జీపు మా వీధిలో తిరిగింది, తర్వాత రాలేదు. నాకు కోపమే వచ్చింది. కానీ రాత్రి బీటుకు, అంటే గస్తీకి, వచ్చేది ఒక బండి మీద ఇద్దరు. వాళ్లకు మా వీధి ఒక్కటే కాదు, పదుల వీధులు. ఎక్కడ, ఎప్పుడు ఆగాలో వాళ్లకు ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. మేం గంట చెప్పలేదు కాబట్టి వాళ్లు వాళ్లకు కుదిరిన గంటకు, అంటే సాయంత్రం ఆరింటికి వచ్చి చూసి వెళ్లారు. ఆ టైముకు అక్కడ గేదెలు తప్ప ఎవరూ ఉండరు.

ముందు నోటుబుక్కు, తర్వాతే అర్జీ

రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొని, వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్లో మేకుకు తగిలించాం. పెన్ను దారంతో కట్టాం, లేకపోతే మొదట పోయేది అదే. షరతు ఒకటే. కళ్లారా చూసిందే రాయాలి, తారీఖు, గంట, చోటు వేయాలి. "ఎవరో అంటుంటే విన్నా" అన్నవి వెనక పేజీలో. మొదటి వారం సరిగా సాగలేదు. ఒక పెద్దమ్మ ‘రాత్రి కుక్కలు ఏడ్చినవి’ అని మూడుసార్లు రాయించింది. రెండో వారానికి దారిలో పడింది. నాకు ఇప్పటికీ నచ్చిన ఎంట్రీ ఒకటుంది. "శనివారం రాత్రి 10.40. ఖాళీ స్థలం దగ్గర నలుగురు, రెండు బండ్లు. సీసా పగిలిన చప్పుడు. ఒక బండికి వెనక నెంబరు ప్లేటు లేదు." రాసింది తొమ్మిదో తరగతి పిల్ల, మేడ మీద చదువుకుంటూ చూసింది.

24 రోజులకు 19 ఎంట్రీలు వచ్చాయి. కూర్చుని లెక్కేస్తే 11 శుక్ర, శనివారాల్లో రాత్రి పదికి, పన్నెండుకి మధ్య. నాలుగు తెల్లవారుజామున ఐదుకి, ఆరుకి మధ్య, ఆడవాళ్లు వాకిట్లో ముగ్గు వేసే టైము. మేం ‘రోజూ’ అని గగ్గోలు పెడుతున్నది నిజానికి వారానికి రెండు రాత్రుల గొడవ.

రెండో అర్జీ ఒక పేజీ కూడా కాలేదు. "ఈ నెల 3 నుంచి 26 వరకు మా వీధి చివర ఖాళీ స్థలం దగ్గర 19 ఘటనలు చూశాం. జాబితా జత చేశాం. శుక్ర, శనివారాల్లో రాత్రి 10 నుంచి 12 వరకు, రోజూ తెల్లవారుజామున 5 నుంచి 6 వరకు బీటు పంపాలనీ, పాయింట్ బుక్ మా వీధిలో పెట్టాలనీ కోరుతున్నాం." పాయింట్ బుక్ అంటే బీటు కానిస్టేబుళ్లు వచ్చినప్పుడు టైము వేసి సంతకం చేసే చిన్న పుస్తకం. అది మీ గోడకు వేలాడుతుంటే ఎవరు ఎప్పుడు వచ్చారో మీకూ తెలుస్తుంది. ‘తగు చర్యలు’ అని రాస్తే ఏ చర్య తగునో తేల్చే పని వాళ్ల నెత్తిన పడుతుంది. ఏం కావాలో మీరే అడగండి.

ఇంకో సంగతి. పోలీసు అర్జీలో లైటు, చెట్లు, కాలవ అన్నీ కలిపి కుక్కవద్దు. లైటు, చిల్లచెట్లు కార్పొరేషన్ పని. వార్డు సచివాలయంలో వేరే అర్జీ ఇవ్వండి. అక్కడే మహిళా పోలీసు కూడా ఉంటుంది. ఆడపిల్లల ఇబ్బంది ముందు ఆమె చెవిన వేయండి. స్టేషన్ మెట్లెక్కడానికి జంకే తల్లులు ఆమెతోనైతే మాట్లాడతారు. ఆపదలో పోలీసులను పిలవడానికి పిల్లల ఫోన్లలో శక్తి యాప్ వేయించండి. 2025 మార్చి 8న మన మార్కాపురం సభలోనే ముఖ్యమంత్రి దాన్ని విడుదల చేశారు.

ఏది ఎఫ్ఐఆర్, ఏది కాదు

పెట్రోలు పోయిందని వెళ్తే స్టేషన్ రైటర్ "చూస్తాంలెండి" అని పంపించేశాడని చాలామంది నా దగ్గర వాపోతారు. దానికి చట్టంలోనే ఒక కారణముంది. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టాల్లో 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ కింద పెట్టారు. పోలీసులు పుస్తకంలో రాసుకుని మనల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమనాలి. ఆయన ఆర్డరు లేకుండా దర్యాప్తు చేయకూడదు. రెండు లీటర్ల పెట్రోలుకు కోర్టుకెవరు పోతారు? అలాగని వదిలేయకండి. ఇలాంటివన్నీ నోటుబుక్కులోకి, అక్కడి నుంచి బీటు అర్జీలోకి ఎక్కించండి.

బండి పోయినా, ఇంటి తాళం పగిలినా, మెడలో గొలుసు లాగినా దారి వేరు. గొలుసు లాగడానికి ఇప్పుడు విడిగా సెక్షనే ఉంది, భారతీయ న్యాయ సంహితలో 304. మూడేళ్ల దాకా శిక్ష. వీటికి ఎఫ్ఐఆర్ కట్టాలి, కాపీ మనకు ఉచితంగా ఇవ్వాలి. "మా ఏరియా కాదు" అనడానికి లేదు. ఏ స్టేషన్లో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఫోన్లోనో ఆన్‌లైన్లోనో చెబితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. కట్టనంటే అదే కాగితాన్ని ఎస్పీకి పోస్టులో పంపండి. నేనైతే స్పీడ్ పోస్టు చేసి, రసీదు అర్జీ కాపీకి పిన్ను కొట్టి ఇస్తా. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో వాళ్లే మనకు చెప్పాలి.

గొలుసు మాట వచ్చింది కాబట్టి మా ఎదురింటి పిన్ని సంగతి చెప్పాలి. ఐదున్నరకు ముగ్గు వేస్తుంటే బండి మీద ఇద్దరు వచ్చి అడ్రసు అడిగారు. తలెత్తగానే గొలుసు పట్టుకు లాగారు. మెడ మీద గీరుకుని రక్తమొచ్చింది. మూడు సవర్ల గొలుసు. మనిషి భయంతో వణికిపోతుంటే చుట్టాలు పక్కన చేరి "ఐదని రాయించు, దొరికితే కలిసొస్తుంది" అన్నారు. నేను టైపు చేయనన్నా. షాపు బిల్లు మూడు సవర్లకుంది. రేపు దొరికిన సొత్తు తూకం వేసి, కోర్టులో బిల్లు పక్కన పెడితే పిన్నిదే అబద్ధమవుతుంది. తూకం, రంగు, లాగిన గంట, వాళ్లు ఏ వైపు పోయారు, హెల్మెట్ ఉందా, ఏ భాషలో అడ్రసు అడిగారు, ఇవి రాయించా. దెబ్బ సంగతి కూడా. బిల్లు జెరాక్స్ జత చేశాం. అనుమానమున్న మనిషి పేరు ఊహించి రాయకండి. బండి అయితే ఇంజన్ నెంబరు, ఛాసిస్ నెంబరు ఆర్సీలో చూసి వేయండి. ఫోన్ అయితే ఐఎంఈఐ నెంబరు ముందే ఎక్కడో రాసి పెట్టుకోండి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే వస్తుంది. అది ఉంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఫోన్ బ్లాక్ చేయించొచ్చు.

ఇచ్చిన ప్రతి అర్జీకీ రెండో కాపీ తీసుకెళ్లి దాని మీద స్టాంపు, తారీఖు వేయించుకోండి. జెరాక్స్ వాడు కదా, రెండు కాపీలంటాడు అనుకోకండి. స్టాంపు లేని కాగితాన్ని పట్టుకుని సోమవారం ఎస్పీ ఆఫీసుకు వెళ్తే "ముందు స్టేషన్లో ఇవ్వండి" అంటారు, ఆ రోజు బస్సు చార్జీ దండగ.

కెమెరాలు, ఫోన్లు, కొత్త మొహాలు

పిన్ని గొలుసు పోయాక ఇంటికింత వేసుకుని నాలుగు కెమెరాలు పెట్టాం. పెట్టినవాడు స్తంభానికి నిట్టనిలువునా పైన బిగించాడు. రెండు నెలల తర్వాత ఇంకో బండి పోయింది. ఫుటేజీ చూస్తే హెల్మెట్ నెత్తి, హెడ్‌లైటు వెలుగు, అంతే. పైగా డీవీఆర్, అంటే రికార్డింగు పెట్టె, గడియారం పన్నెండు నిమిషాలు వెనక నడుస్తోంది. పక్క వీధి కెమెరాతో కలిపి చూడబోయిన కానిస్టేబుల్‌కి అరగంట పట్టింది ఆ ముడి విప్పడానికి. ఇప్పుడు ఒక కెమెరా స్పీడ్ బ్రేకర్ దగ్గర, మనిషి ఎత్తుకి కాస్త పైన, బండి వెనక్కి చూసేట్టు ఉంది. అక్కడ బండి ఎవరిదైనా నెమ్మదించాల్సిందే, నెంబరు ప్లేటు చదవగలిగేట్టు వస్తుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున గడియారం సరిచూడటం కిరాణా కొట్టు అబ్బాయి పని.

ఊరెళ్తుంటే ఏపీ పోలీసు వాళ్ల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పండి. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, డబ్బులేం తీసుకోరు. తిరుమల బయల్దేరే ముందు ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టేవాళ్లకు నేను చెప్పేదేం లేదు.

గొడవ కళ్ల ముందు జరుగుతుంటే కానిస్టేబుల్ సెల్లుకో, వాట్సాప్ గ్రూపుకో కాదు, అత్యవసర నెంబరు 112కి చేయండి. తెలిసిన కానిస్టేబుల్‌కి చేస్తే వస్తే వస్తాడు, డ్యూటీ దిగి ఉంటే నిద్రపోతుంటాడు. మీరు చేసినట్టు ఎక్కడా ఉండదు. 112కి చేస్తే ఉంటుంది. గంజాయి సంగతైతే 1972 నెంబరు ఉంది.

డబ్బు ఆన్‌లైన్లో పోయినవాళ్లకు ఒక దండం. దయచేసి ముందు నా షాపుకు రాకండి. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు, ‘డిజిటల్ అరెస్ట్’ అని వీడియో కాల్లో బెదిరిస్తే లక్షా ఎనభై వేలు పంపి, పక్కాగా అర్జీ రాయించాలని రెండు రోజులు ఆగి వచ్చారు. అసలు చట్టంలో డిజిటల్ అరెస్ట్ అన్నదే లేదు. పోయిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేస్తే ఆ డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగా ఆపే అవకాశముంటుంది. నా టైపింగ్ ఎంత బాగున్నా ఆ రెండు రోజులు తిరిగి రావు.

చివరిగా, చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటి. నోటుబుక్కు పెట్టిన మూడో వారంలో దుప్పట్లు అమ్ముకునే ఒకతను మధ్యాహ్నం మా వీధిలోకి వచ్చాడు. మాట తేడాగా ఉందని ఒకరన్నారు, గ్రూపులో ఫొటో పెట్టారు, పావుగంటలో ఇరవై మంది చుట్టూ చేరారు. ఒకడు చెయ్యి కూడా చేసుకున్నాడు. నేను వెళ్లేసరికి దుప్పట్లన్నీ మట్టిలో ఉన్నాయి, అతను చేతులు జోడించి నిలబడ్డాడు. ఆధార్ కార్డు ఉంది, రైల్వే స్టేషన్ దగ్గర గది అద్దెకు తీసుకున్న రసీదూ ఉంది. అతను కంప్లయింట్ ఇచ్చి ఉంటే ఆ రోజు కేసు మా మీదే. అనుమానముంటే దూరం నుంచి టైము రాయండి, 112కి చెప్పండి. ఫొటో గ్రూపులో పెట్టొద్దు, చెయ్యి అసలే వేయొద్దు. ఇది ఇప్పుడు నోటుబుక్కు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో రాసి ఉంది.

పాయింట్ బుక్ మా వీధికి వచ్చింది, కిరాణా కొట్టు పక్క గోడకే ఉంది. శనివారాల సంతకాలు బాగానే పడుతున్నాయి, శుక్రవారాలవి అప్పుడప్పుడు ఎగ్గొడుతున్నారు. ఆ ఖాళీలను కూడా మేం తారీఖులతో రాసుకుంటున్నాం. నిన్న రాత్రి స్తంభం లైటు మళ్లీ పోయింది. వార్డు సచివాలయానికి కాగితం టైపు చేసి పెట్టా, పొద్దున సంతకాలకు తిప్పాలి.