పాత మ్యాపులో చెరువు హద్దు జీపీఎస్‌తో కలవకపోతే

బెంగళూరులో ఒక చెరువు హద్దును పాత 1:50,000 టోపోషీట్ (సర్వే మ్యాపు) నుంచి క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తే, జీపీఎస్ పాయింట్లకు దాదాపు 200 మీటర్లు ఆగ్నేయంగా పడింది. ఆక్రమణలు తేల్చే పనిలో ఇంత తేడా అంటే ఎవరి ఇంటికో ముప్పే. కారణం, రెండూ భూమికి వేర్వేరు నమూనాలు వాడతాయి: షీటుది ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (కాస్త నొక్కిన గోళం), జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. రెండింటి కేంద్రాలూ వేరు. గీసిన లేయర్‌ను (హద్దు పొరను) మౌస్‌తో లాగి సరిపెట్టొద్దు, ఊరు మారితే తేడా కూడా మారుతుంది.

ముందు లేయర్ సీఆర్‌ఎస్‌ను (కోఆర్డినేట్లను ఏ లెక్కలో చదవాలో చెప్పే సెట్టింగ్) ఎవరెస్ట్ మీద ఆధారపడిన కళ్యాణ్‌పూర్ 1975గా (కోడ్ ఈపీఎస్‌జీ 4146) పెట్టి, ఆ తర్వాతే డబ్ల్యూజీఎస్ 84కి రీప్రొజెక్ట్ చేశాను, అంటే కోఆర్డినేట్లను ఆ లెక్కలోకి మార్చాను. వాడిన షిఫ్ట్ (రెండు కేంద్రాల మధ్య జరుపు): ఎక్స్ 295, వై 736, జెడ్ 257 మీటర్లు. చెరువు కట్ట మలుపులు పాయింట్ల మీదికి వచ్చాయి. మిగిలిన కొద్దిపాటి తేడాను వదిలేశాను. ఈ స్కేలులో అర మిల్లీమీటరు గీతంటే నేల మీద 25 మీటర్లు.