బూజు కల్చర్లకు నీళ్ల సీసా చాలు

రెండేళ్లపాటు నా ట్రైకోడెర్మా అనే బూజును నెలనెలా కొత్త ప్లేట్లోకి మారుస్తూ వచ్చాను. ముదురాకుపచ్చ వలయాలు వేసే కల్చర్ (పెంచుతున్న బూజు) కాస్తా ఒకసారి చూసేసరికి తెల్లగా దూదిలా పెరిగి కూర్చుంది. స్పోర్ల (బూజుకు విత్తనాల్లాంటివి) జాడ లేదు. పాత ప్లేట్లన్నీ ఎప్పుడో పారేశాను. అప్పటి నుంచి కొత్త ఐసొలేట్ (విడదీసి పెంచిన ఒకే బూజు) చేతికి వస్తే ముందు దాచడం, తర్వాతే ప్రయోగం.

నేను ఎక్కువగా వాడేది నీళ్ల పద్ధతి. 1939లో కాస్టెల్లాని అనే శాస్త్రవేత్త చెప్పినది, ఖర్చు దాదాపు లేదు. తిండి దొరకని నీళ్లలో శిలీంధ్రం ఎదుగుదల ఆపేసి ఏళ్ల తరబడి ఊరకే పడి ఉంటుంది.

మరమూత ఉన్న చిన్న గాజు సీసాల్లో సగం దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో క్రిములను చంపడం). పూర్తిగా చల్లారనివ్వండి. స్పోర్లు బాగా వేసిన ప్లేటు తీసుకుని, పెరుగుతున్న అంచు దగ్గర 5 మిల్లీమీటర్ల ముక్కలు ఐదారు కోసి వేయండి. పోషకాలు దట్టంగా ఉన్న అగార్ (బూజును పెంచే జెల్లీ) వద్దు, అవి నీళ్లలోకి దిగితే బూజు అక్కడే పెరుగుతుంది. ముక్కల చుట్టూ నూగు కనబడిందంటే ఆ సీసా పనికిరాదు. మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట గది ఉష్ణోగ్రతలోనే పెట్టుకోవచ్చు. లేబుల్ పెన్సిల్‌తో రాసి పైన టేపు అంటించండి. మార్కర్‌తో రాసిన పేర్లు స్పిరిట్ తగిలి చెరిగిపోతే, ఏది ఏదో తెలియక పదకొండు సీసాలు పారేశాను.

స్లాంట్ల (గొట్టంలో వాలుగా గడ్డకట్టించిన అగార్) మీద మినరల్ ఆయిల్ పోసే పద్ధతీ మంచిదే, కానీ జిడ్డు పని. ఆటోక్లేవ్ నుంచి తీసిన నూనె మబ్బుగా ఉంటే అందులో తేమ ఉన్నట్టు. వేడి ఓవెన్లో పెట్టి తేటపడ్డాకే పోయాలి. స్లాంట్ పైకొన మీద ఒక సెంటీమీటరు ఎత్తు నూనె నిలవాలి. కొన బయటికి పొడుచుకొస్తే ఒత్తిలా తేమ లాగేసి అగార్ ఎండిపోతుంది. మైట్లనే చిన్న పురుగుల బెడద మాత్రం తప్పుతుంది. మైట్లు పట్టిన ప్లేటు మీద, అవి నడిచిన దారి పొడవునా వేరే బూజుల చుక్కలు వరుసగా మొలుస్తాయి. ఒకసారి చూస్తే మర్చిపోరు.

మైనస్ 80 ఫ్రీజర్ ఉంటే 10 శాతం గ్లిజరాల్లో కూడా ఒక కాపీ పెట్టుకోండి. గడ్డకట్టేటప్పుడు నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా, కరిగించేటప్పుడు 37 డిగ్రీల నీళ్లలో చకచకా. పిథియం, ఫైటోఫ్తోరా లాంటి నీటి బూజులు గడ్డకడితే చాలాసార్లు బతకవు, వాటిని నీళ్లలోనే ఉంచండి.

దాచిన రెండు వారాలకు ఒక ముక్క తీసి, బూజు ఉన్న వైపు కిందికి ఉండేలా పీడీఏ (బంగాళదుంప, డెక్స్ట్రోజ్ కలిపిన అగార్) మీద పెట్టండి. మొదటి రోజు తీసిన ఫొటోతో రంగు, అంచు పోల్చి చూడండి. తర్వాత ఏడాదికోసారి. సీసాలో రెండు ముక్కలే మిగిలాయంటే ఇక వాడకండి, ఒకదాన్ని పెంచి కొత్త సీసా నింపండి.